ఏ కొండ కట్టె ఆ కొండలోనే

మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న కాఫీ పళ్లు ఏరడానికి బుట్ట నడుముకి కట్టుకుంటుంటే వాళ్లమ్మాయి ఫోను చేసింది. "నాన్న నిద్రలోనే వెళ్లిపోయారక్కా" అంది. తర్వాత ఇంకేదో చెప్పింది, నా చెవికి ఎక్కలేదు. ఫోను పెట్టేసి అయ్యకి చెప్పాను. అయ్య అంటే మా నాన్న, మా కొండ మీద అలాగే పిలుస్తాం. అయ్య నోట్లో చుట్ట తీసి పారేసి, గోడకి ఆనించిన గొడ్డలి పుచ్చుకుని ఇంటి వెనక్కి పోయాడు. కాసేపటికి కట్టె చీలుస్తున్న చప్పుడు.

"మనిసి పోనాడని సెప్తే కట్టెలు కొడతాడేటి? పొయ్యిలోకి ఇప్పుడేటి తక్కువైనాది?" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. అయ్య ఏం చేస్తున్నాడో నాకూ అర్థం కాలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మాస్టారెవరో మీకు తెలియాలి.

ఆయన నాకు హైస్కూల్లో సైన్సు చెప్పారు. నేను కింద పల్లంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇల్లు గుర్తొచ్చి క్లాసులో ముక్కు చీదుతుంటే, "ఏటే గుంటా, మీ కొండ అంత గొప్పదేటి?" అన్నారు. నాకు ఒళ్లు మండి, "వచ్చి చూడండి" అన్నాను. అన్నంత పనీ చేశారు. ఆ చలికాలమే పిల్లల్ని వెంటబెట్టుకుని రైలెక్కి, బొర్రాలో దిగి, టెంట్లు జీపులో వేయించుకుని అనంతగిరి వైపున్న మా ఊరికి వచ్చేశారు. మా కాఫీ తోట పైనున్న ఖాళీ మెరక మీద టెంట్లు వేశారు. ఆ తర్వాత ప్రతి చలికాలం వచ్చారు, రిటైరైనాక కూడా. ఇప్పుడు మీరు అరకు రోడ్డున వస్తే ప్రతి మలుపులోనూ టెంట్ల బోర్డులే. అప్పట్లో మా ఊరివాళ్లు ఆ గుడ్డ ఇళ్లని చూసి సర్కస్ వచ్చిందనుకున్నారు.

మాస్టారంటే మీరు ఏ శాంతమూర్తినో ఊహించుకుంటే నేనేం చెయ్యలేను. ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. నాదీ అంతే, అందుకే మాకు పడింది. తోటలోకి దిగే బాట మొదట్లో ఒక పలకరాయి ఉంది. వచ్చినవాడు కలెక్టరైనా సరే, ముందు దాని మీద కూర్చుని బూట్లు విప్పాలి. అడుగులు రాయికేసి కొట్టాలి. సందుల్లో మట్టి పుల్లతో గీకి బకెట్లో వెయ్యాలి. టెంటు గుడ్డలు దులపాలి, సంచులు బోర్లించాలి. వేరే కొండ మట్టీ, వేరే తోట ఆకూ మా తోటలో అడుగు పెట్టకూడదు. "పెళ్లోరికి కాళ్లు కడిగినట్టు ఈ మర్యాదేటి మేస్టారూ?" అని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన మెళ్లో నల్లతాడుకి ఒక భూతద్దం వేలాడుతుండేది. అమ్మ దాన్ని "మేస్టారి పుస్తి" అనేది.

ఇంకో విడ్డూరం. కాఫీ తోటకి అంత కాపలా కాసిన మనిషి జన్మలో కాఫీ చుక్క నోట్లో పోసుకోలేదు. పొద్దున్నే గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి జావ, నంజుకోడానికి పచ్చిమిరపకాయ, అంతే. "కాఫీ తాగితే నిద్ర చెడుద్దమ్మా" అనేవారు. "మరి మా పంట ఎవులు తాగుతారు? మీలాంటోళ్లుంటే మేం బాగుపడినట్టే" అని అమ్మ దెప్పేది.

చలిమంట విషయంలో మాత్రం ఎగతాళి నడిచేది కాదు. కట్టెలు మా కొండ మీదే ఏరాలి. రోడ్డు పక్కన కొన్నవి, పక్క కొండ మీంచి తెచ్చినవి పనికిరావు. "ఏ కొండ కట్టె ఆ కొండలోనే కాలాలి" అనేవారు. బెరడు కింద ఏ పురుగు పడుకుందో, ఏ గుడ్డు నిద్రపోతోందో పైకి కనబడదు కదా. "దాని రెక్కలెంతరా? ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదకి ఎగరడమే దానికి గగనం. మన జీపు చక్రాలే దానికి రెక్కలు" అని పిల్లలకి చెప్పేవారు. ఒకసారి కారులో వచ్చిన కుర్రాళ్లు క్యాంప్‌ఫైర్ కోసమని డిక్కీ నిండా దుంగలు తెచ్చారు. దింపడానికి వీల్లేదన్నారు మాస్టారు. వాళ్లు వినలేదు. ఆయన పోయి డిక్కీ మీద ఎక్కి కూర్చున్నారు. "కట్టెలు దింపాలంటే ముందు నన్ను దింపండి." ఆ పెద్దాయన్ని ఎవడు దింపుతాడు? గొణుక్కుంటూ వచ్చిన దారినే పోయారు.

ఇక అసలు కథ.

కాఫీ కాయని తొలిచే పురుగు కొండకి అవతలి తోటల్లో కనబడిందని ఆ ఏడు మాకు కబురొచ్చింది. అక్కడ చెట్ల మీదున్న కాయంతా, పచ్చనీ పండనీ లేకుండా, దూయించి మరిగే నీళ్లలో ముంచి పాతిపెట్టించారని చెప్పుకున్నారు. మాకు భయం పట్టుకుంది. ఆ తోట అయ్య, అమ్మ, నేను చేతులారా పెంచుకున్నది. పైన సిల్వర్ ఓక్, దాని ఒంటికి మిరియం తీగ, నీడన కాఫీ. మాకు అది తప్ప ఇంకో ఆధారం లేదు. పైగా మా తోట కిందే ఊరందరి తోటలూ ఉన్నాయి. మాకొస్తే ఊరికి వచ్చినట్టే.

ఈ ఏడు క్యాంపు మానేద్దామా అని నేను ఫోనులో అడిగితే, "జాగ్రత్త నేర్పాల్సింది ఇప్పుడు కాకపోతే ఎప్పుడే?" అని మాస్టారు నా మీదే విరుచుకుపడ్డారు. వచ్చారు. ఆయన పిల్లల్ని పలకరాయి దగ్గర వరసగా కూర్చోబెట్టి బూట్లు కొట్టిస్తున్నారు. జీపు మాత్రం వెనక బాటలోంచి నేరుగా టెంట్లు వేసే మెరక మీదకి పోయింది. అంతకుముందు తుఫాను ముసురు పట్టి మా కొండ మీద కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. పాపం జీపు డ్రైవరు మంచి పనే అనుకుని, వచ్చే దారిలో ఎక్కడో ఎండుకట్టెలు కొని పాత గోనెసంచుల్లో వేయించుకొచ్చాడు. అవి కాఫీ మోసిన గోనెలు. ఆ సంగతి అతను ఆలోచించలేదు.

సాయంత్రం కావస్తోంది. నేను టెంటు తాడు బిగిస్తున్నాను. మాస్టారు పైకొచ్చి ఆ సంచులు చూశారు. ఒక సంచిలో కట్టెలు బయటికి లాగి, అడుగున చెయ్యి పెట్టి తీశారు. గుప్పెట్లో ఎండిపోయిన నల్ల కాఫీ కాయలు. భూతద్దం పెట్టి చూశారు. ఒక్క కేక పెట్టారు.

"ఎవరూ దగ్గరికి రాకండి! సంచిలో పురుగుంది!"

ఇక్కడ మీకో మాట చెప్పాలి. మా వైపు పాముని పాము అనరు, పేరెత్తితే వస్తుందని భయం. పురుగు అంటారు. పురుగు ముట్టిందంటే పాము కరిచిందని. మా చిన్నాన్న కట్టెలమోపులో చెయ్యి పెట్టి, పురుగు ముట్టే పోయాడు. మాస్టారికి ఈ మాట తెలియదా అంటే బాగా తెలుసు. కానీ జన్మంతా నల్లబల్ల ముందు నిలబడి పురుగులూ వాటి దశలూ చెప్పిన నోరు, కంగారులో తన మాటే తను అంది.

కింద తోటలో ఉన్న అయ్య ఆ కేక విన్నాడు. చేతికర్రతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏదీ? ఎక్కడున్నాది?"

"సంచి అడుగునుంది!" అన్నారు మాస్టారు.

"ఒకటేనా?"

"ఒకటేమిటయ్యా, బోలెడుంటాయి! పిల్లలు కూడా లోపలే ఉంటాయి!"

"ఓలమ్మో!" అని అమ్మ ఆడపిల్లల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. అయ్య కర్ర ఎత్తి సంచి మీద బాదడం మొదలుపెట్టాడు. "కొట్టకు! కొట్టకయ్యా, ఆగు!" అని మాస్టారు అరుస్తూనే ఉన్నారు. పాములు రైతుకి నేస్తాలు, చంపకూడదని ప్రతి ఏడూ పిల్లలకి పాఠం చెప్పేది ఆయనే. అందుకే అయ్య ఆ అరుపుని ఖాతరు చెయ్యలేదు.

"మీ పాటం తరవాత సెప్పండి మేస్టారూ! ఇక్కడ గుంటలున్నారు!"

అంటూనే కర్రకి సంచి తగిలించి, పిల్లలకి దూరంగా పల్లంలోకి విసిరేశాడు. పల్లం అంటే మా తోట. సంచి సిల్వర్ ఓక్ మానుకి తగిలి పిగిలిపోయింది. నల్ల కాయలు చెట్ల మొదళ్లలోకి, ఎండుటాకుల్లోకి దొర్లుకుంటూ పోయాయి. పాము మాత్రం రాలేదు.

మాస్టారు బురదలోనే కూలబడ్డారు. "నేను చెప్పింది ఆ పురుగు కాదయ్యా" అన్నారు. గుప్పెట్లో మిగిలిన కాయ ఒకటి అయ్య అరచేతిలో పెట్టి, మెళ్లో తాడు తీసి భూతద్దం ఇచ్చారు. కాయ బొడ్డు దగ్గర సూదితో గుచ్చినంత కన్నం. గోరుతో చీలిస్తే లోపల నువ్వుగింజకన్నా చిన్న నల్ల పురుగులు కదులుతున్నాయి. అయ్య దాన్ని చూశాడు, తోట వైపు చూశాడు. అవతలి కొండ మీద దూసేసిన చెట్లు ఆయన కళ్లకి కట్టి ఉంటాయి.

"నా తోటలోకి నా సేత్తోనే ఇసిరించేసేవా?" అన్నాడు. "ఈ కొండ మీద పాలు తాగే గుంటడ్నడుగు, పురుగంటే ఏటో సెప్తాడు! నువ్వు పురుగని కేకేత్తే నానేటనుకుంటాను?"

అన్నేళ్లలో అయ్య ఆయన్ని "నువ్వు" అనడం అదే మొదలు. మాస్టారు తల వంచుకుని, "అను, ఇంకా అను. కానీ ముందు ఏరుదాం పద. వాన పడితే ఆ చెమ్మకి ఇవన్నీ బయటికొచ్చేస్తాయి" అన్నారు. పడమట మబ్బు అప్పటికే కొండ మీదకి దిగుతోంది.

అందరం మోకాళ్ల మీద పడ్డాం. వేసిన టెంట్లు పీకేసి ఆ గుడ్డలు చెట్ల కింద పరిచాం. కబురు తెలిసి ఊరివాళ్లు చేటలు పట్టుకుని పైకొచ్చారు, తిడుతూనే ఏరారు. నేల మీద మా చెట్ల నుంచి రాలిన కాయలూ ఉన్నాయి. ఏది మాదో ఏది సంచిదో తెలియడం లేదని ఒక పిల్ల ఏడుపు మొహం పెడితే, "తెలియక్కర్లేదు. నేల మీద కాయన్నది మిగలకూడదు" అన్నారు మాస్టారు. అన్నానికి ఎసరు పెట్టిన పెద్ద గుండిగలోనే కాయలు గుమ్మరించి ఉడికించాం. డ్రైవరు తెచ్చిన కట్టెలు, గోనెలు అక్కడికక్కడే ఆ పొయ్యిలోనే తగలబెట్టాం. పిల్లలకి ఆ పూట బిస్కెట్లే గతి. "బేగి, బేగి" అని అమ్మ అంటూనే ఉంది. చినుకులు మొదలయ్యాయి. భూతద్దం ఆవిరికి మసకేసింది. మాస్టారు దాన్ని వెనక్కి తోసేసి, చెట్ల మొదళ్ల చుట్టూ వేళ్లతో తడుముతూ పాకుతున్నారు. ఆ ముసలాయన్ని లెమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అంతా ఏరామా? అది మళ్లీ కాయ కట్టాకే తెలుస్తుంది.

తెల్లారి మాస్టారు చేసిన పని ఇంకా మంట పెట్టింది. మాతో ఒక మాటైనా అనకుండా కాఫీ అధికారులకి ఫోను చేసి జరిగిందంతా చెప్పేశారు. అయ్య ఎగిరిపడ్డాడు. "ఎవులు సెప్పమన్నారు? తోట దూయించీడానికా?" నేను కూడా ఊరుకోలేదు. మా నోటి దగ్గర కూడు తీసేశారని మొహం మీదే అన్నాను. ఆయన నిలబడి అంతా విన్నారు. "దాస్తే మీ తోట దక్కొచ్చు. దక్కకపోతే కింద ఊరందరివీ పోతాయి. తిట్టుకోండమ్మా, పడతాను" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఆయన్ని మళ్లీ మా కొండ ఎక్కనివ్వకూడదనే అనుకున్నాను.

అధికారులు వచ్చారు. కాయలు పడిన చుట్టుపక్కల చెట్ల పంటంతా దూయించి ఉడికించారు. అమ్మ చెట్టు పట్టుకుని ఏడ్చింది. మిగతా తోటలో పురుగుని పట్టే ఎర్రసీసాలు వేలాడదీసి, వచ్చే కాపు దాకా చూడాలన్నారు. మాస్టారు పిల్లల్ని మిగతా టీచర్లతో రైలెక్కించి, తను మాత్రం ఒక్క టెంట్లో ఉండిపోయారు. కోతలయ్యాక కిందికి పోయినా, వీలైనప్పుడల్లా రైలెక్కి వచ్చేసేవారు. వచ్చి రాయి మీద బూట్లు కొట్టుకోవడం, సీసా సీసా దింపి చూడ్డం, మళ్లీ కట్టడం. అయ్య ఆయన వెనకే నడిచేవాడు. మాట లేదు, పలుకు లేదు. ఒకరు సీసా దింపితే ఒకరు కొమ్మ వంచి పట్టుకునేవారు. అమ్మ అంబలి గ్లాసు రాయి మీద పెట్టి, "అక్కడెట్టేను, తాగమను" అని నాతో అనేది.

పువ్వు విప్పింది. తోటంతా తెల్లగా పూస్తే ఏ ఏడైనా నాకు పండగే, ఆ ఏడు మాత్రం చూడ్డానికే భయమేసింది. పిందె కట్టింది. వానలొచ్చాయి. కాయ గట్టిపడేటప్పుడే పురుగు తొలుస్తుందని మాస్టారు చెప్పినప్పట్నుంచీ అయ్యకి తిండి సయించలేదు. నేలకి వంగి కాయ బొడ్డు చూసి చూసి నా మెడ పట్టేసింది. కలలో కూడా కన్నాలే.

మళ్లీ చలికాలం. తొలి కోత పళ్లు చాప మీద పోశాం. మాస్టారు ఒక పక్క, అయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. ఆయన పండు తీయడం, అద్దం పెట్టడం, పక్కన పెట్టడం. ఊళ్లోవాళ్లు చుట్టూ నిలబడ్డారు. చివరి పండు కూడా చూసి మాస్టారు అద్దం దించారు. "లేదు" అన్నారు. మళ్లీ, "లేదయ్యా" అన్నారు.

అయ్య లేచి వెళ్లి తనే అంబలి గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. "ముందు నువ్వు తాగీ" అన్నాడు. మాస్టారు గ్లాసు పుచ్చుకుని మొహం అటు తిప్పుకున్నారు. ఆ పైన అయ్య ఆయన్ని మళ్లీ మీరు అనలేదు. కోపంలో పుట్టిన "నువ్వు" అలాగే ఉండిపోయింది, సొంత అన్నని అన్నట్టు.

ఇప్పటికీ మా ఊళ్లో పాముని పురుగనే అంటున్నాం. కాఫీ కాయ తొలిచేదాన్ని మాత్రం "మేస్టారి పురుగు" అంటున్నారు. ఈ సంగతి చెబితే ఆయన, "జన్మంతా దాన్ని రానివ్వకుండా కాపలా కాస్తే చివరికి దానికి నా పేరా!" అని మండిపడ్డారు. తర్వాత పగలబడి నవ్వారు.

మంగళవారం సంగతికి వస్తాను. అయ్య ఇంటి వెనక నుంచి వచ్చాడు. భుజం మీద పనస కట్టె, నున్నగా చెక్కి తాడు కట్టి ఉంది. మా ఊళ్లో మనిషి పోతే ఇంటికొక కట్టె తీసుకెళ్లి చితి మీద పెడతాం. వట్టి చేతులతో వచ్చేవాడు పరాయివాడు. అయినవాళ్లకైతే అయ్య పనస కట్టే వేస్తాడు, చిన్నాన్నకీ అదే వేశాడు. ఇప్పుడు ఆ మెరక మీద మేమూ టెంట్లు అద్దెకిస్తున్నాం, వాటిలో దిగినవాళ్లు ఉండబట్టి, అమ్మ ఒక్కతీ చాలదని నేనూ ఆగిపోయాను. వెళ్లలేకపోయానన్న బాధ ఇంకా తగ్గలేదు. బాట దాకా అయ్యని దిగబెట్టాను.

పలకరాయి దగ్గర అయ్య కట్టె దించి, అలవాటుగా చెప్పులు విప్పి రాయికేసి కొట్టాడు. వేసుకుని కట్టె అందుకోబోయి ఆగిపోయాడు. అటూ ఇటూ తిప్పాడు. కొసలు కళ్ల దగ్గరగా పెట్టుకుని చూశాడు, అచ్చం ఆయనలాగే.

"సుబ్బరంగానే ఉన్నాది" అన్నాడు.

గోరుతో ఒకచోట గీకి చూశాడు.

"ఉంటే మాత్రం? ఆడు ఒప్పుకోడు" అన్నాడు. కట్టె తీసి రాయికి ఆనించాడు. "ఉంచు. పోన్ సేత్తాను." వట్టి చేతులతో బాట దిగి రైలు కోసం పోయాడు. అయ్య మలుపు తిరిగేదాకా చూసి, అక్కడే రాయి మీద కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. వెనక జనం గోల వినబడుతోంది. "అందరూ కట్టెలేసేరు. నాను ఊరికే నిలబడ్డాను" అన్నాడు అయ్య. తర్వాత, "ఇక్కడ అంటిత్తన్నారు. నువ్వూ అంటించీ."

పనస కట్టెని మెరక మీద చలిమంట గుంటలో పెట్టాను. అమ్మ అంబలి గ్లాసు రాయి మీద పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎండలో మంట సరిగా కనబడదు, పొగే కనబడింది. కట్టె మా కొండలోనే కాలింది. పొగ మాత్రం ఎర్రగా పండిన కాఫీ చెట్ల మీంచి సాగి, లోయ దాటి, పల్లం వైపు పోయింది. దాన్ని ఆపి దులిపించడానికి రాయి దగ్గర మాస్టారు లేరు.